పద్యంలో పట్టని పేరు

బిట్రా మార్కండేయులు పద్యానికి ఒక పేరు అడ్డొచ్చింది.

మార్కండేయులు ఎన్నో పేర్లను చూసినవాడే. చీరాల పక్కన ఆ చేనేత ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా పెళ్ళి పంచరత్నాలైనా, గృహప్రవేశానికి సీస పద్యాలైనా, రిటైరయ్యే హెడ్మాస్టరుకి సన్మాన పద్యాలైనా ఆయన చేతివే. మామూలు రోజుల్లో నూలు దుకాణంలో గుమస్తా. ఎవరింట్లోనైనా ఫంక్షన్ అంటే భుజం మీదికి జరీ కండువా వచ్చేది. ఊరి పేర్లు పద్యంలో ఎబ్బెట్టుగా ఉంటాయని ఆయన వాటికి కాస్త మెరుగు పెట్టేవాడు. ఎంకయ్య వేంకటేశుడయ్యేవాడు. పుల్లయ్య పూర్ణచంద్రుడయ్యేవాడు. ఒక పెళ్ళిలో బోడెమ్మ అనే ముసలావిడను భువనేశ్వరిని చేస్తే ఆవిడ వారం రోజులు నేలమీద నడవలేదు. ఇది తప్పు కాదా అని ఎవరూ అడగలేదు, ఆయనా తనను తాను అడగలేదు. చప్పట్లు పడుతుంటే ఎవరికి మాత్రం ఆ సంగతి తడుతుంది?

అలాంటి రోజుల్లో చింతా అంకయ్య ఆయన్ని వెతుక్కుంటూ దుకాణానికి వచ్చాడు. డెబ్బై ఐదేళ్ళ నేతపనివాడు. భార్య పోయి ఎనిమిది రోజులైంది. చొక్కా జేబులోంచి రేషన్ కార్డు తీసి, బల్ల మీద పరిచి, ఒక పేరు కింద వేలు పెట్టాడు.

"ఇదీ పేరు. పెద్దకర్మ నాడు దీని మీద ఒక పద్యం చదవాల నాయనా."

మార్కండేయులు కళ్ళజోడు సవరించుకుని చూశాడు. చింతా పెంటమ్మ అని ఉంది.

"నేనెప్పుడూ పేరు పెట్టి పిలవలా. ఏమే అంటే ఏమే. యాభై రెండేళ్ళు అట్టనే జరిగిపోయింది. మా కాలంలో అంతే గదా. ఇప్పుడు ఒక్కసారన్నా పిలుద్దామంటే నోరు తిరగటంలా." అంకయ్య వేలు ఆ పేరు కిందే ఉంది. "మైకులో, అందరి ముందర, నువ్వు ఆ పేరు చదవాల. నేను కూర్చుని వింటా. అదొక్కటే నాకు కావాల్సింది."

"అట్టాగే బాబాయ్. నువ్వు మళ్ళీ చెప్పాలా?"

"దానికి ముందు పుట్టిన నలుగురూ పోయారంట. ఇది పుట్టగానే తీసకపోయి పెంటకుప్ప మీద దొర్లించి ఆ పేరు పెట్టారు. ఆ పేరే బతికించిందని మా అత్త చెప్పేది." అంకయ్య కార్డు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పద్యంలో ఏం రాసినా సరే. పేరు మాత్రం రావాల."

సరేనన్నాడు మార్కండేయులు. ఆ సాయంత్రమే కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. కలం అక్కడే ఆగిపోయింది.

పెంట! ఎట్లా పెట్టడం? పెద్దకర్మకు కాలేజీ తెలుగు లెక్చరర్ వస్తున్నాడని తెలిసింది. నేత సహకార సంఘం ప్రెసిడెంటు ఎటూ వస్తాడు. వాళ్ళు ముందు వరసలో కూర్చుంటారు. తాను గొంతెత్తి పెంటమ్మా అనగానే వెనక కుర్రకారు కిసుక్కుమంటారు. ఆ నవ్వు చనిపోయినావిడ మీద కాదు, తన మీద పడుతుందని ఆయన భయం. ఆ మాట పైకి ఒప్పుకోవడం ఇష్టంలేక, ముసలామె పరువు కోసమే అని తనకు తాను చెప్పుకున్నాడు. అలా చెప్పుకున్నాక పద్యం గబగబా వచ్చేసింది.

పెద్దకర్మ రోజున కల్యాణ మంటపం నిండింది. అంకయ్య ముందు వరస చివరి కుర్చీలో కూర్చున్నాడు. కొత్త పంచె కట్టుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పరీక్షకు వచ్చిన పిల్లాడిలా నిటారుగా కూర్చున్నాడు. మార్కండేయులు లేచి కండువా సర్దుకుని రాగం ఎత్తుకున్నాడు.

"పసిడి మనసున్న పద్మాంబ పరమసాధ్వి..."

లెక్చరర్ తల ఊపాడు. మొదటి పద్యం అయింది, రెండోది అయింది, నాలుగూ అయ్యాయి. చప్పట్లు బాగా పడ్డాయి. ప్రెసిడెంటు స్వయంగా శాలువా కప్పాడు. అంకయ్య మాత్రం చప్పట్లు కొట్టలేదు. అలాగే మోకాళ్ళ మీద చేతులతో, కదలకుండా కూర్చుని ఉన్నాడు. స్టేజీ దిగి వస్తున్న మార్కండేయుల్ని చూసి కొంచెం ముందుకు వంగాడు.

"నాయనా, ఇక మాదేనా?"

మార్కండేయులుకి అర్థం కాలేదు. "ఏంది బాబాయ్?"

"ఆ పద్మాంబ గారిది అయిపోయింది గదా. ఇక మా ఇంటిదాని మీద చదువుతావా?"

పక్కనున్న ఇద్దరు ముగ్గురు ముసిముసిగా నవ్వారు. మార్కండేయులు ముసలాయన భుజం మీద చెయ్యి వేసి నెమ్మదిగా చెప్పాడు. "అయిపోయింది బాబాయ్. పద్మాంబంటే పిన్నే. అసలు పేరు ఛందస్సులో పట్టదు. పద్యానికి లెక్కలుంటాయి, నీకు తెలీదు."

"అట్టనా," అన్నాడు అంకయ్య. పంచె మడత సర్దుకుని, "లెక్కలుంటే మనమేం చేస్తాంలే," అన్నాడు.

అప్పటికే విస్తళ్ళు వేస్తున్నారు. జనం లేచారు. మంటపం అంతా కుర్చీలు జరిపే చప్పుడు. అంకయ్య ఇంకా కూర్చునే ఉన్నాడు. ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని భోజనానికి లేపారు.

మర్నాడు పొద్దున్నే మార్కండేయులు మౌలాలి మాస్టారి ఇంటికి వెళ్ళాడు. షేక్ మౌలాలి గారు ఆ ఊరి హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరైన మనిషి. మార్కండేయులుకి గురువంటే లఘువంటే ఏమిటో తొమ్మిదో తరగతిలో చెప్పింది ఆయనే. ఇప్పటికీ కొత్త పద్యం సభలో చదివాక ఆయన చెవిన వేస్తే గాని మార్కండేయులుకి నిద్రపట్టదు. మోకాళ్ళ నొప్పులతో మాస్టారు ఈమధ్య సభలకు రావడం లేదు. వరండాలో చాప మీద కూర్చుని, పళ్ళెంలో గోంగూర గిల్లుతున్నారు.

మార్కండేయులు పద్యాలు చదివి వినిపించాడు. లెక్చరర్ తల ఊపాడని చెప్పాడు. శాలువా సంగతి చెప్పాడు. చివరికి, అడక్కుండానే, అంకయ్య సంగతి కూడా బయటపెట్టాడు. రేషన్ కార్డు, పేరు కింద వేలు, పెంటకుప్ప కథ, అన్నీ చెప్పి చిన్నగా నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"పాపం, పెద్దాయన చిన్నబుచ్చుకున్నాడు మాస్టారూ. నన్నేం చెయ్యమంటారు? పద్యంలో పేరు పట్టదని చెప్పాను."

మాస్టారు గోంగూర గిల్లడం ఆపారు.

"పట్టదా?"

"పట్టదండి."

మాస్టారు పళ్ళెంలోంచి ఆకు తీసేసిన కాడలు కొన్ని ఏరుకున్నారు. "పద్మాంబ," అంటూ చాప మీద ఒక పొడుగు కాడ పెట్టారు. దాని పక్కన ఇంకో పొడుగు కాడ. ఆ పక్కన ఒక పొట్టి కాడ. గురువు, గురువు, లఘువు.

ఆ వరస కింద చోటు చూపించి, మిగిలిన కాడలు మార్కండేయులు చేతిలో పోశారు.

"ఆవిడ పేరు పెట్టరా."

మార్కండేయులు కాడలు పట్టుకుని కూర్చున్నాడు. మాస్టారు తొందరపెట్టలేదు. ఆఖరికి ఒక పొడుగు కాడ పెట్టాడు. ఇంకో పొడుగు కాడ పెట్టాడు. చివర పొట్టిది పెట్టాడు. కింది వరస పై వరసకు అచ్చంగా సరిపోయింది.

"ఇప్పుడు ఆ పాదం చదువు."

"మాస్టారూ..."

"చదవరా."

మార్కండేయులు రెండుసార్లు దగ్గి, రాగం లేకుండా, పాఠం అప్పజెప్పినట్టు చదివాడు.

"పసిడి మనసున్న పెంటమ్మ పరమసాధ్వి."

యతి ఎక్కడా తప్పలేదు. గణం చెడలేదు. ఎక్కడా ఆగకుండా నడిచిపోయింది. తొమ్మిదో తరగతి పిల్లాడికి కూడా తెలిసే లెక్క అది. ఇరవై ఏళ్ళుగా పద్యాలు చెబుతున్న తనకు తెలియక కాదు. వరండాలో కూర్చుంటే ఇప్పుడు ఆ సంగతి దాచుకోవడానికి ఎక్కడా చోటు కనిపించలేదు. ఆ ముసలాయన ఏమీ అడగకుండా తన మాట నమ్మాడు. అదే ఎక్కువ బాధ పెట్టింది. వాదించినా బాగుండేది, కోప్పడినా బాగుండేది.

"తప్పయిపోయింది మాస్టారూ," అన్నాడు. "ఇంకో సభ ఏదన్నా చూసి..."

మాస్టారు మళ్ళీ గోంగూర అందుకున్నారు.

"పెద్దకర్మ ఒకసారేరా," అన్నారు.

మార్కండేయులు ఆ తర్వాత రెండు రోజులు దుకాణంలో నూలు చిలపల కట్టల లెక్క తప్పుతూనే ఉన్నాడు. అంకయ్య మంటపంలో నిటారుగా కూర్చున్న తీరు కళ్ళముందు నుంచి పోలేదు. చప్పట్లన్నీ ఎటుపోయాయో ఒక్కటీ గుర్తులేదు. మూడో రోజు ఒక పద్యం రాశాడు. చాలా కొట్టివేతల తర్వాత ఒక్కటే వచ్చింది. అది మాస్టారికి వినిపించలేదు. కండువా వేసుకోకుండా, మధ్యాహ్నం పూట అంకయ్య ఇంటికి నడిచాడు.

ఆ వీధిలో ఇప్పుడు చేమగ్గాలు నాలుగైదే మిగిలాయి. తక్కినవన్నీ మరమగ్గాలు. పొద్దున స్విచ్ వేస్తే కరెంటు పోయేదాకా ఆగవు. పక్కవాడి మాట వినాలంటే చెవిలో చెప్పాల్సిందే. అంకయ్య అరుగు మీద కూర్చుని రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుడుతున్నాడు. యాభై రెండేళ్ళు ఆ రాట్నం ముందు కూర్చున్నది పెంటమ్మ. ఆయనకు అలవాటు లేని పని, దారం ఊరికే తెగుతోంది.

మార్కండేయులు వెళ్ళి పక్కన కూర్చున్నాడు. దారం అతికించేదాకా ఆగి, చెవి దగ్గర వంగి చెప్పాడు.

"బాబాయ్, నీకు అబద్ధం చెప్పాను. ఆ పేరు పద్యంలో పడుతుంది. నాకే సిగ్గేసింది."

అంకయ్య రాట్నం ఆపాడు. మార్కండేయులు వంక కాసేపు చూశాడు. తిడతాడేమో అనుకున్నాడు మార్కండేయులు. తిడితే పడాలనే వచ్చాడు.

"పడుతుందా?" అన్నాడు అంకయ్య.

"పడుతుంది. రాసుకొచ్చాను."

"అయితే చదువు."

మార్కండేయులు కాగితం విప్పాడు. అరుగు మీద కూర్చునే, మంటపంలో ఎత్తుకున్న రాగాన్నే ఎత్తుకున్నాడు.

"పెంటమీదను దొర్లించి పేరుపెట్టి
చావు కన్నులు గప్పిరి చల్లగాను
ఏమె యన్నట్టి పిలుపున నింట మసలి
పేరు వినకుండ పెంటమ్మ వెడలిపోయె"

అంకయ్య చెవి వెనక చెయ్యి పెట్టుకుని విన్నాడు. మూడో పాదం దగ్గర "అవును, అట్టనే," అన్నాడు తనలో తను. పేరు రాగానే కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి గాని మాట బయటికి రాలేదు.

పద్యం అయ్యాక కళ్ళు తెరిచి వీధిలోకి చూశాడు. ఎదురింట్లో ఇద్దరు మరమగ్గం దగ్గర వంగి ఉన్నారు. పక్కింటి గుమ్మంలో ఒకామె పోగులు సరి చేస్తోంది. ఎవరూ తలెత్తలేదు.

"ఇంకొంచెం గట్టిగా నాయనా," అన్నాడు అంకయ్య. "వాళ్ళకి వినపడలా."

మార్కండేయులు అరుగు మీద లేచి నిలబడి, గొంతు చించుకుని మళ్ళీ మొదటి నుంచీ చదివాడు. మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.