లక్క ముద్ర

వానలు ముంచుకొస్తున్నాయి, కోటగోడ మాత్రం మోకాలెత్తు దాటలేదు. రాళ్లు సమయానికి అందడం లేదని మంత్రి విరూపాక్షయ్య మండిపడి, దుక్కులు దున్నుకుంటున్న రైతుల బళ్లు, ఎడ్లు ఇంకో నూరు జతలు పట్టుకురమ్మన్నాడు.

గోడ చూడవచ్చిన రాజుగారికి, కోట వాకిట ఎద్దులకు నీళ్లు పెట్టే పోలమ్మ దండం పెట్టింది. "బళ్లు చాలక కాదు దొరా. లోపలికెళ్లిన బండికో చింతగింజ చొప్పున రోజుకో ముంతలో వేస్తున్నా. అరవై బళ్లొచ్చిన రోజూ నలభయ్యే, నూరొచ్చిన రోజూ నలభయ్యే."

"నీళ్లు పోసేదానివి, నీకెందుకే ఈ లెక్కలు!" అని మంత్రి నవ్వాడు.

"అయితే ఆడి చూద్దాం అయ్యగారూ. ఈ గింజలే బళ్లు, నేను తోలుతా. వాకిట్లో మీ గుమాస్తా చేసినట్టే ఒక్కోదానికి లక్క కరిగించి, ముద్ర వేసి లోపలికి పంపండి."

రాజు సరేనన్నాడు. మంత్రి నాలుగింటికి ముద్ర వేసేసరికి అతని ముందు పది పోగయ్యాయి. "మీరడిగిన కొత్త బళ్లు కూడా వచ్చేశాయి" అంటూ పోలమ్మ ఇంకో దోసెడు కుమ్మరించింది.

వేలు చురుక్కుమని మంత్రి అరిచాడు. "ఆగవే! ఒక్కణ్ణి ఎన్నింటికని వెయ్యను? ఇంకో ఇద్దర్ని కూర్చోబెట్టు!"

పోలమ్మ రాజుగారి వైపు తిరిగింది.

"మంత్రిగారి ఆజ్ఞ విన్నారుగా దొరా. ఇక ఆ నూరు జతల ఎడ్లను దుక్కిలోనే ఉండనిస్తారా?"