ఒంటికంటమ్మ బండ మీది కొంగ

దగ్గరగా జరిగి కూర్చోండి తల్లీ, వెనకవారికీ కాస్త చోటివ్వండి. ఇక్కడ గొంతు పెంచి కథ చెప్పే ఆచారం లేదు. ఎదురుగా కనబడే ఈ చిత్తడి నేలను బీల అంటారు. అక్కడ పిట్టలు మేస్తున్నాయి.

ఈ క్షేత్రంలో అమ్మవారికి విగ్రహం లేదు. ఈ నల్లబండ, దాని మీద చెక్కిన కొంగ, ఆ కొంగకు ఒక్క కన్ను. అంతే.

పూర్వం ఇక్కడ పైడన్న అనే వేటగాడు ఉండేవాడు. ఒక కొంగను పట్టి, రెక్కలు కత్తిరించి, కనురెప్పలు దారంతో కుట్టి వల పక్కన కట్టేవాడు. అది కదలక నిలబడితే, భయం లేదనుకుని పైన ఎగిరే కొంగలు దిగేవి. అలా ఎరగా కట్టిన పిట్టను దీమం అంటారు.

కొన్నాళ్లకు అతని ఒక్కగానొక్క కూతురు నూకాలుకు చూపు మందగించింది. పసర్లు పోశారు, మొక్కులు మొక్కారు. చివరకు అమ్మ కలలో కనిపించి, "నీ చేత చచ్చిన కొంగను నా బండ మీద బతికున్నట్టు గీయి. నీ పిల్ల చూపు నిలబెడతాను" అంది.

పుట్టిన్నాటినుంచీ కొంగలతోనే కదా బతుకు, ఇదెంత పని అనుకుని పైడన్న బొగ్గు పట్టాడు. గీసింది చూసి భార్య పోలమ్మ, "కొంగని గీయమంటే కోడిని గీసినావేటి?" అంది. నిజమే మరి. మెడ విరిచిన కొంగే అతనికి తెలుసు. నిలబడిన కొంగ తెలియదు.

వల ఇంట్లో వదిలి బీలలో కూర్చున్నాడు. చూడటం, గీయడం, చెరపడం. ఒంటికాలి మీద బరువెలా ఆగుతుందో, ఎగిరేముందు మెడ ఎలా ముడుస్తుందో గీత తప్పినప్పుడల్లా తెలిసింది. ఒకనాడు, పిల్లల మీద ఎండ పడకుండా తల్లికొంగ గూటి మీద రెక్క విప్పి నిలబడటం గీస్తున్నాడు. తాను వలలో పట్టిన తల్లుల గూళ్లు ఏమయ్యాయో అప్పుడు తోచి, బొగ్గు కింద పెట్టేశాడట. ఇంట్లో నూకాలు గోడ తడుముకుంటూ నడుస్తోంది, అందుకని మళ్లీ బొగ్గు పట్టాడు.

అంతా కుదిరింది, కన్ను తప్ప. దూరం నుంచి అది చూపుకు ఆనదు. దగ్గర ఉన్నది దీమం ఒక్కటే. దాని కుట్లు విప్పాడు. ఒక కన్ను లోపలే ఎండిపోయింది. రెండోది తెరుచుకుంది, పసుపు పచ్చగా. అది పైడన్నను చూడలేదు, ఆకాశాన్ని చూసింది. ఎగరబోయి ఒరిగింది. ఆ సాయంత్రం ప్రాణం విడిచేలోగా అతను ఆ ఒక్క కన్ను గీయగలిగాడు.

తెల్లవారి కూతుర్ని బండ దగ్గరికి నడిపించుకొచ్చాడు. ఆ పిల్ల గీతలకు దగ్గరగా ముఖం పెట్టి, "అయ్యా, ఇదెటేపు సూస్తంది?" అని అడిగింది.

నూకాలుకు ఒక కంటికి చూపు నిలిచింది. రెండోదానికి ఎప్పటికీ రాలేదు. దాని గురించి అమ్మను అడిగే ముఖం పైడన్నకు లేకపోయింది. వాన కడిగేయకుండా ఆ గీతల్ని ఉలితో చెక్కి, ఈ బండ కిందే వలను పాతిపెట్టాడు. నాటి నుంచి అమ్మ ఒంటికంటమ్మ.

ఇప్పటికీ ఇక్కడ కొబ్బరికాయ కొట్టరు. వచ్చినవారు ఒక పిట్టను చూసి బొగ్గుతో బండ మీద గీస్తారు. పిట్ట కన్ను చూసినవారే బొమ్మకు కన్ను పెడతారు. తొలకరి వానకు అన్నీ చెరిగిపోతాయి. చూపు కోరి వచ్చినవారికి అమ్మ ఇవ్వగలిగినంత ఇస్తుంది.

మిగతా కథ మరిచిపోయినా, పైడన్న వల వదిలి కూర్చున్న సంగతి గుర్తుంచుకోండి తల్లీ. మీ ఊరు వెళ్లాక మీరూ ఒక పిట్ట ఎదుట బొగ్గుముక్కతో కూర్చోండి. గీత తప్పుతుంది. తప్పినచోట మళ్లీ చూడండి.