గుమ్మడిపాదు పుట్టిల్లు

ఒకానొక రాజ్యం అందాం. పేరు చెప్పొచ్చు గానీ, ఆ రాజుగారు తన పేరుకు ముందు తగిలించుకున్న బిరుదులన్నీ చదివేసరికి మీకు నిద్ర ముంచుకొస్తుంది. అందుకని ఆయన్ని ఊరికే మల్లభూపతి అనుకుందాం. ఆయన ఎదుట అలా అన్నవాడు బతికి బట్టకట్టిన దాఖలా లేదు కాబట్టి, ఆయన లేనిచోట అనుకోవడమే మేలు.

మల్లభూపతికి తులాభారం తూగాలని కోరిక పుట్టింది. చుట్టుపక్కల రాజులు బంగారంతో తూగారు, వెండితో తూగారు. ఈయనగారి ఖజానాలో ఉన్న బంగారం ఈయన కాలి బరువుకు కూడా చాలదు. ఆ సంగతి ఒప్పుకుంటే రాజెలా అవుతాడు?

"బంగారంతో ఎవడైనా తూగుతాడు. మేము ఒకే ఒక్క గుమ్మడికాయతో తూగుతాం. మా నేల సత్తువ ఎంతటిదో లోకం చూడాలి" అని సభలో ప్రకటించాడు.

సభ చప్పట్లతో మారుమోగింది. మారుమోగకపోతే ఏమవుతుందో ఆ సభకు తెలుసు.

రాజుగారంటే ఏదో మీలాంటి నాలాంటి మనిషి అనుకునేరు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుంటే గానీ పల్లకీ దిగలేడు. ఆయనతో సరితూగే కాయ కాయించాలంటే మాటలా? ఆ భారం తోటపని చేసే పైడమ్మ నెత్తిన పడింది. ఆవిడ మొగుడు ఈయనగారి యుద్ధాల్లో ఒకదానికి వెళ్లి తిరిగి రాలేదు. అది ఏ యుద్ధమో, ఎందుకు జరిగిందో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. రాజుగారి తోటను ఆనుకుని ఒక పాకలో ఉంటూ, రెక్కల కష్టంతో బతుకుతోంది.

పైడమ్మ గొయ్యి తవ్వి, ఎరువు నింపి, గింజ నాటింది. తీగ పాకాక ఒక్క పిందెను ఉంచి మిగిలినవన్నీ తుంచేసింది. ఊరి కాలువ నీళ్లన్నీ ఆ ఒక్క పాదుకే మళ్లించారు. ఊళ్లోవాళ్ల వంగతోటలు నిలువునా ఎండిపోయాయి, ఎవరూ నోరెత్తలేదు. ఆ పిందె మాత్రం బిందెంత అయింది, కాగంత అయింది, చూస్తుండగానే నీళ్ల గాబంత అయింది.

అప్పుడు మంత్రిగారికి ఒక ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచనలు రావడం ఎప్పుడూ ఎవరికో ఒకరికి చేటే.

"ప్రభూ, తమతో తూగబోయే కాయను మోస్తున్న పాదు మామూలు పాదా? నిండు గర్భిణితో సమానం. సీమంతం చేయించడం ధర్మం" అన్నాడు.

చేశారు. పందిరి వేశారు, మేళం పెట్టారు, తీగకు ఆకుపచ్చ గాజులు తొడిగారు. భర్త స్థానంలో పీట మీద ఎవరు కూర్చోవాలని ప్రశ్న వచ్చింది. అంతటి పాదుకు తగిన హోదా రాజ్యంలో ఇంకెవరికుంది? మల్లభూపతే కూర్చున్నాడు. అక్షింతలు కూడా వేయించుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆయనకు పాదు మీద మమకారం ఎక్కువైంది. రోజూ పొద్దున్నే సన్నాయిలతో, వింజామరలతో తోటకు వచ్చి, కాయను నిమిరి, చుట్టూ తిరిగి వెళ్లేవాడు. ఒక పొద్దున వెండి పొన్నులు వేసిన కొత్త పావుకోళ్లతో వచ్చాడు. తల పైకెత్తి నడవడమే గానీ కిందికి చూసే అలవాటు ఆయనకెక్కడిది? వేరుకూ కాయకూ నడుమ, పెద్దతీగ మీద నిండుగా కాలు వేశాడు.

తీగ పుటుక్కున తెగిపోయింది. సన్నాయిలు ఆగిపోయాయి.

మల్లభూపతి కాసేపు తీగవైపు చూశాడు. తర్వాత మంత్రివైపు చూశాడు.

"తీగ మా పాదం కిందికి వచ్చింది" అన్నాడు.

"అవును ప్రభూ, వచ్చింది. నేను కళ్లారా చూశాను" అన్నాడు మంత్రి.

"అటువైపు పాకించింది ఎవరు?"

"పైడమ్మ, ప్రభూ."

"తులాభారం నాటికి కాయ నిలిచిందా, సరి. వాడిందా, తీగను పాకించిన ఆ కుడిచెయ్యి నరికించండి."

ఇంత మాటా అనేసి రాజుగారు ఫలహారానికి వెళ్లిపోయాడు. ఆ పూట ఆయన ఎప్పటికన్నా రెండు గారెలు ఎక్కువే తిన్నాడని వంటవాళ్లు చెప్పుకున్నారు.

పైడమ్మ ఏడుస్తూ కూర్చోలేదు. గుమ్మడితీగకు కణుపు కణుపునా వేరు పట్టే గుణం ఉంది, మట్టి తగలాలంతే. తెగిన చోట కత్తితో నున్నగా కోసి బూడిద అద్దింది. కాయవైపు తీగను నేలకు అదిమి, కణుపుల మీద తడిమట్టి కప్పింది. బరువు తగ్గించడానికి ముదురాకులు కొన్ని కోసేసింది. పైన తాటాకులు పరిచి నీడ పట్టి, పొద్దస్తమానం నీళ్లు చిలకరించింది. వాలిపోయిన ఆకులు కొంచెం తల ఎత్తాయి.

కానీ మర్నాడు మల్లభూపతి మళ్లీ వచ్చాడు.

"వేరు పట్టిందా?" అని అడిగాడు. జవాబు వినకుండానే వంగి, పూడ్చిన తీగను బయటికి లాగి చూశాడు. దారపు పోగుల్లాంటి లేతవేర్లు రెండు మట్టితో పాటు తెగి వచ్చాయి. "పడుతోంది, పడుతోంది" అని సంతోషించి వెళ్లాడు. సాయంత్రం మళ్లీ వచ్చాడు, మళ్లీ లాగాడు. ఆ మర్నాడూ అంతే. ఇలా అయితే ఏ తీగ బతుకుతుంది?

రాజుగారి వెనకాల వచ్చే పరివారంలో కూచన అనే అతనుండేవాడు. సభలో అందర్నీ నవ్వించడం అతని ఉద్యోగం. తెలివైనవాడు, మంచివాడే, కాస్త పిరికివాడు. ఆ సాయంత్రం రాజుగారు వెళ్లాక అతను ఒక్కడూ వెనకబడ్డాడు. పైడమ్మ అతని కాళ్ల దగ్గర కూలబడింది.

"బాబూ, అది ఏరు పట్టడం, ఆయన పీకేయడం. ఇలాగైతే కాయ సచ్చిపోద్ది. నా సెయ్యి పోద్ది. సెయ్యి లేకపోతే నాకు కూడెవరు పెడతారు? పీకొద్దని ఆయనకి తమరు సెప్పండి."

"నేను చెబితే నా నాలుక కోయిస్తాడు పైడమ్మా."

"నాను సెప్తే సెయ్యితో పాటు నాలిక కూడా పోద్ది. తమ ఉద్దోగం నాలికతోనే గదా బాబూ! ఈ ఒక్కపాలికి దాన్ని నాకోసం ఆడించండి."

కూచన తలవంచుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు సభ నిండుగా ఉంది. తులాభారం ఏర్పాట్లు చూడటానికి పొరుగు రాజ్యం నుంచి రాయబారి వచ్చి, రాజుగారి పక్కన ఎత్తు పీఠం మీద కూర్చున్నాడు. అలాంటి సమయంలో కూచన కొత్త పంచె కట్టుకుని, నుదుట కుంకుమతో, చేతిలో పసుపు కుంకుమ తాంబూలం ఉన్న పళ్లెంతో ప్రవేశించాడు.

"మహారాజా! తమ అత్తవారింటి నుంచి కబురు తెచ్చాను."

మల్లభూపతి కనుబొమలు ముడిచాడు. "మా అత్తగారూ మామగారూ పోయి ఏళ్లు గడిచాయి. ఎవరు పంపారు నిన్ను?"

"ఆ అత్తవారు కారు ప్రభూ, కొత్త అత్తవారు. గుమ్మడిపాదుకు సీమంతం జరిగినప్పుడు పీట మీద కూర్చున్నది ఎవరు?"

"మేమే."

"తొలి కాన్పు ఎక్కడ జరగాలి ప్రభూ?"

"పుట్టింట్లో. అది చిన్నపిల్లలకు కూడా తెలుసు."

"ఆ పాదుకు పుట్టిల్లు తమ తోటలోని ఆ మడి. గింజ నాటి, నీళ్లు పోసి పెంచిన తల్లి పైడమ్మ. సీమంతం అయిన పిల్ల పుట్టింటికి చేరింది. పైగా నడుం దెబ్బతిని మంచం పట్టింది. మంత్రసాని లోపల ఉండగా అల్లుడుగారు సన్నాయిలు వాయించుకుంటూ పొద్దునొకసారి, సాయంత్రమొకసారి వచ్చి దుప్పటి ఎత్తి చూస్తున్నారట! పుట్టింటివాళ్లు సిగ్గుతో చచ్చిపోతున్నారు. పైకి చెప్పుకోలేరు గదా."

రాయబారి పైపంచె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. సభలో ఒకరిద్దరికి దగ్గు వచ్చింది. మల్లభూపతి మొహం కందగడ్డ అయింది.

"మేము... ఆ ఉద్దేశంతో వెళ్లలేదు" అన్నాడు.

"తమ ఉద్దేశం నాకు తెలియదా ప్రభూ! కానీ మామూలు ఇళ్లలో అల్లుళ్లే పిలుపు రానిదే అత్తవారి గడప తొక్కరు. తమంతటివారు పిలవకుండా వెళితే, ఆ ముక్క రేపు పొరుగు రాజ్యంలో ఎలా చెప్పుకుంటారో!"

రాయబారి నేల చూపులు చూశాడు.

మల్లభూపతి నిటారుగా కూర్చున్నాడు. "మేము పిలుపు లేకుండా ఎక్కడికీ వెళ్లం. పురుడు వచ్చేదాకా ఆ తోటలో మగపురుగు అడుగు పెట్టకూడదు. ఇది మా ఆజ్ఞ."

"చిత్తం. ఇంకొక్క చిన్న మాట. బిడ్డ ఎలా ఉన్నా, తాంబూలం పుచ్చుకుని తీసుకురావడానికి తమరు వెళతారు గదా, అప్పుడు గుమ్మంలో తమ కాళ్లకు నీళ్లివ్వాల్సింది అత్తగారే. కాయ వాడితే ఆవిడ కుడిచెయ్యి తీయిస్తామని తమరు సెలవిచ్చారు. ఎడంచేత్తో నీళ్లిస్తే తమ పాదాలకు అది మర్యాదేనా? పుచ్చుకుంటారా తమరు?"

మల్లభూపతి తన పాదాలవైపు చూసుకున్నాడు. జన్మలో మొదటిసారి చూసుకున్నాడేమో. ఎడంచేత్తో ఎవరో వాటి మీద నీళ్లు పోస్తున్నట్టు ఊహించుకున్నాడు కాబోలు, ఒళ్లు జలదరించింది.

"ఆ చెయ్యి ఉండనీ" అన్నాడు. తర్వాత గట్టిగా నవ్వాడు. ఆయన నవ్వాడు కనక రాయబారి నవ్వాడు, మంత్రి నవ్వాడు, సభంతా పగలబడి నవ్వింది.

ఆ తర్వాత తోటలోకి ఎవరూ రాలేదు. కప్పిన మట్టి కింద కణుపు కణుపుకూ వేర్లు దిగాయి. కాయ వాడకపోగా ఇంకా ఊరింది. మల్లభూపతి మాత్రం రోజూ "అత్తవారి పిలుపు వచ్చిందా?" అని అడుగుతూ, అదొక ఘనకార్యంలా వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. కొన్నాళ్లకు ఆ వేళాకోళం అంతా తన సొంతమే అనుకున్నాడు.

తులాభారం రోజున పిలుపు వెళ్లింది. మల్లభూపతి అల్లుడి హోదాలో జరీ తలపాగా పెట్టుకుని తోటకు వచ్చాడు. పైడమ్మ రెండు చేతులతో ఆయన కాళ్లకు నీళ్లిచ్చింది. కాయను కోసి, బండి మీద ఎక్కించి, త్రాసు దగ్గరికి తెచ్చారు. ఒక తట్టలో రాజుగారు, ఒక తట్టలో గుమ్మడికాయ. ముల్లు సరిగ్గా మధ్యలో నిలిచింది. గుమ్మడికాయ వైపు గొలుసును మంత్రిగారి మనిషి వెనకనుంచి లాగి పట్టుకోవడం అందరూ చూశారు. ఎవరూ చూడలేదు.

తర్వాత ఆ కాయను కోస్తే లోపలంతా పీచు. కూరకు పనికి రాలేదు. ఏనుగులకు వేస్తే అవి కూడా వాసన చూసి పక్కకు నెట్టేశాయట.

ఆ సాయంత్రం నిండుసభలో మల్లభూపతి కూచనను దగ్గరికి పిలిచి, జరీశాలువా తన చేత్తో కప్పాడు.

"అల్లుడి మర్యాద ఎలా ఉండాలో మాకు నేర్పావు. మేము ఒక్కటి కూడా తప్పలేదు. అవునా?"

"అవును ప్రభూ."

"మరి పుట్టింటివాళ్ల మర్యాద మాటేమిటి? పురుడు పోసి బిడ్డను పంపేటప్పుడు సారె పెట్టరూ? మనవడికి పాలకోసం పాడి ఇవ్వరూ?" అని మంత్రివైపు తిరిగాడు. "మా అత్తగారికి ఏమైనా పాడి ఉందా?"

"పాక ముందు ఈనిన ఆవు ఒకటుంది ప్రభూ."

"తోలుకురండి. దూడతో సహా. లోటు చేసిందని రేపు ఎవరూ అనకూడదు పాపం!"

సభ కూలిపోతుందేమో అన్నంతగా నవ్వింది. రాయబారికి కళ్లవెంట నీళ్లొచ్చాయి. మల్లభూపతి పొట్ట పట్టుకుని నవ్వాడు.

కూచన నోరు తెరిచాడు. మాట దొరక్క కాదు సుమండీ, దొరికింది. బిడ్డను గుమ్మం దాటించే ముందు అల్లుడు అత్తగారికి పట్టుచీర పెట్టి, సభలో కాళ్లకు దండం పెట్టాలి గదా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అప్పటికి శాలువా భుజాల మీద వెచ్చగా ఉంది. రాజుగారు మంచి హుషారులో ఉన్నాడు. కూచనకు భయమేసింది. అతను కూడా నవ్వాడు.

తర్వాత పైడమ్మ పాకకు వెళ్లాడు. అప్పటికే రాజభటులు వచ్చి వెళ్లారు. గుంజ దగ్గర తెగిన పలుపు పడి ఉంది. పైడమ్మ కుడితి తొట్టి ముందు కూర్చుని ఉంది. కూచన శాలువా తీసి ఆవిడ ఒళ్లో పెట్టాడు.

ఆవిడ దాని అంచు తడిమి చూసి, మడతపెట్టి తిరిగి ఇచ్చేసింది.

"ఇది పాలిత్తాదా బాబూ?"

కూచన శాలువా అందుకుని మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"నా సెయ్యి నిలబెట్టారు. తమ మేలు మరిసిపోను. ఒక్కటే బాబూ... ఇంకెప్పుడూ నా పేరు సెప్పి ఆయన్ని నవ్వించకండి."

మర్నాడు కొలువు తీరగానే మల్లభూపతి సింహాసనం మీద సర్దుకుని కూర్చుని, "ఏమోయ్ కూచనా! ఆ అత్తగారి కథ మళ్లీ చెప్పు. కొత్తవాళ్లు వచ్చారు, వింటారు" అన్నాడు.

కూచన శాలువా సర్దుకుని, మొదటినుంచీ చెప్పాడు. సారె దగ్గరికి వచ్చేసరికి సభంతా మళ్లీ నవ్వింది.