నెమరు ఆగిన చోట

గోదారి లంకల్లో పాడుబడ్డ ఇటుకబట్టీలు బోలెడున్నాయి గానీ, కథ చెప్పుకునే బట్టీ మాదొక్కటే. ఇటుకలు కాల్చే మనుషులు వదిలేసి పోయాక మేం చేరాం. నేనెవరినంటారా? గడ్డం మేకని, నూకాలమ్మని. మూడో వరసలో, పొగగొట్టం పక్కన నా చోటు. అక్కడ ఇంకెవరైనా కూర్చుంటే కొమ్ము విసురుతాను, ముందే చెప్తున్నా.

ఎండ మాడ్చేసే వేళకి గేదెలూ, ఆవులూ, గొర్రెలూ, మేకలూ, అంతా కలిపి నలభై మందిమి బట్టీ నీడలో చేరేవాళ్ళం. పొద్దున తిన్న గడ్డి నెమరేసుకుంటూ కథ వినేవాళ్ళం. కథ చెప్పేది సింహాద్రి, మా పుంజు. ఏం గొంతనుకున్నారు! ఏటి అవతల పడవవాళ్ళు కూడా తెడ్డు ఆపి చెవులొగ్గేవారు. ఆ గొంతు మా బట్టీదని చెప్పుకోవాలంటే నాకిప్పటికీ గడ్డం నిక్కబొడుచుకుంటుంది.

అయితే గొంతొక్కటే ఉంటే సరిపోదు కదా. ఆ వేసవిలో కథ మధ్యలో లేచిపోయేవాళ్ళు ఎక్కువయ్యారు. తుప్పల్లో కాపురముండే నక్క తాతారావు ఆ సంగతి పసిగట్టాడు. ఓ రోజు బట్టీ గుమ్మం అవతల నించుని, వినయం ఒలకబోస్తూ పలకరించాడు.

"సింహాద్రి గారూ, మీ కథకి జనం పల్చబడ్డారంట గదండీ. నాక్కూడా నాలుగు కథలొచ్చండి. పౌర్ణమినాటి మధ్యాహ్నం ఒకరం, మర్నాడు ఇంకొకరం చెబుదాం. పొగగొట్టం నీడ కాలవ గట్టు తాకేసరికి ఎవరి కథకి ఎక్కువమంది కూర్చుని ఉంటే వాళ్ళదే బట్టీ. ఓడినోళ్ళు ఈ లంకే వదిలిపోవాలి. అబ్బే, భయమైతే వద్దులెండి."

"భయమా! నాకా! ఒప్పుకున్నాను, ఫో!" అన్నాడు మావాడు, మెడ ఈకలన్నీ లేపి.

పెద్దగేదె మాణిక్యమ్మ అందరి ముందూ సాక్షిగా నిలబడింది. మాట అయిపోయింది. నక్క వెళ్ళాక సింహాద్రి పెళ్ళాం చంద్రి అందుకుంది.

"నీ పౌరుషం తగలెయ్య! పదకొండు పిల్లలున్నాయి మనకి. లంక దాటే దారి ఎటుంది? ఆ తుప్పల్లోంచేగా? వాడి నోటి ముందు నుంచేగా వరసగా నడవాలి?" అని గొల్లుమంది.

సింహాద్రి తోక జారిపోయింది. అంతవరకూ పిల్లల మాటే గుర్తులేదు వాడికి.

అప్పుడు కదిలాడు పోలయ్య ఎద్దు. ఈ బట్టీలో ఏళ్ళ తరబడి మట్టి తొక్కిన ముసలి ప్రాణం. తొందరంటే ఏంటో తెలీదు.

"అల్లుడూ, రేపట్నుంచి నువ్వు కథ చెప్పు. నేను కథ వినను, వినేవాళ్ళని చూస్తా," అన్నాడు.

అన్నట్టే వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కథలో ఒక్కో ఘట్టం వచ్చినప్పుడల్లా గోడమీద కొమ్ముతో ఓ బొమ్మ గీసి, దాని పక్కన కొన్ని గీతలు పెట్టేవాడు. పుంజుల వంశం గొప్ప చెప్పేచోట కిరీటం బొమ్మ. కోట కొలతలు చెప్పేచోట గోడ బొమ్మ. వరద వచ్చేచోట కెరటం బొమ్మ. నాలుగు రోజులయ్యాక సింహాద్రిని పిలిచి చూపించాడు.

సింహాద్రి కిరీటం వరస చూసి ఎగిరి గంతేశాడు. "ముప్పై ఎనిమిది గీతలా! చూశావా మావా, మా నలభై తరాల పేర్లకి ఎంత మోజో!"

"అవి ముప్పై ఎనిమిది నోళ్ళు అల్లుడూ. నెమరేస్తున్న నోళ్ళు."

"అంటే సుఖంగా వింటున్నట్టేగా?"

"పొడుచుకు తినేవాడివి, నీకెలా తెలుస్తుందిలే. కథ గుండెకి తగిలిందనుకో, నెమరేసేవాడి దవడ ఆగిపోద్ది. ముద్ద నోట్లోనే ఉండిపోద్ది. దవడ ఆడుతోందంటే వాడు నీ కథలో లేడు, పొద్దున మేసిన గట్టు మీదున్నాడు."

నాకు సిగ్గేసింది. నిజమే మరి. ఆ వంశం పేర్లు మొదలెట్టగానే నేను హాయిగా నములుకుంటూ మర్నాడు ఎటు మేతకెళ్ళాలా అని ఆలోచించేదాన్ని.

"ఇదుగో, ఈ కెరటం పక్కన చూడు. ఒక్క గీతా లేదు," అన్నాడు పోలయ్య. "వరదలో కోడిపెట్ట గడ్డిమేటు మీద గుడ్లు పొదుగుతూ కొట్టుకుపోతుందే, అక్కడ కూర్చుని ఉన్నవాళ్ళ దవడలన్నీ ఆగిపోయాయి. నువ్వేమో దాన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తున్నావు."

"అది మా అమ్మమ్మ చెప్పిన పిట్టకథ మావా. అందులో రాజుల్లేరు, కోటల్లేవు. ఏం గొప్పుంది?"

"గొప్ప సంగతి నాకు తెలీదు. దవడలాగాయి."

సింహాద్రి ఓ పూటంతా అలిగి పొగగొట్టం మీద కూర్చున్నాడు. తాతముత్తాతల పేర్లు కోసెయ్యమంటే ఎవడికి మాత్రం కడుపు మండదు? సాయంత్రానికి కింద ఆడుకుంటున్న పదకొండు పిల్లల్నీ చూసి దిగొచ్చాడు. మర్నాడు నలభై తరాలు నాలుగయ్యాయి. ఆ మర్నాడు ఒకటి. కోట కొలతలు పూర్తిగా ఎగిరిపోయాయి. వరద పెరిగింది. పోలయ్య రోజూ చూస్తూనే ఉన్నాడు. రోజూ ఏదో ఒకటి సరిచేస్తూనే ఉన్నాడు. కథలోంచి తీసేసిన ముక్కల బొమ్మలూ, గీతలూ మాత్రం గోడ మీద అలాగే ఉండిపోయాయి.

"నీళ్ళు గూటిలోకి వచ్చాక కాసేపు మాట్లాడకు," అన్నాడు ఓ రోజు.

"మాట్లాడకపోతే లేచిపోతారు మావా!"

"మాట్లాడక చూడు."

ఊరుకున్నాడు. అమ్మమ్మమ్మా! ఆ కాసేపూ నా నోట్లో గడ్డి నోట్లోనే ఉంది. వాడు మళ్ళీ గొంతు విప్పేదాకా మింగితే ఒట్టు!

పౌర్ణమికి ముందురోజు పొద్దున్నే గోడ కింద ఇటుకపొడిలో నక్క అడుగులు కనిపించాయి. సింహాద్రి పోలయ్య దగ్గరికి పరుగెత్తాడు.

"కొంప మునిగింది మావా! గోడంతా చూసేశాడు. తుడిచెయ్!"

పోలయ్య తాపీగా ఈగల్ని తోలుకున్నాడు. "ఉండనీ. గీతలు చూశాడు, దవడలు చూళ్ళేదుగా."

పౌర్ణమి మధ్యాహ్నం వచ్చింది. "మొహమాటాలొద్దు. నచ్చితే కూర్చోండి, లేకపోతే లేవండి," అని మాణిక్యమ్మ గట్టిగా చెప్పింది. ముందు తాతారావుకే అవకాశమిచ్చారు.

మొదలెట్టాడండీ, నక్కల వంశం! నలభై కాదు, ఎనభై తరాలు! మేం నెమరందుకున్నాం. నలభై దవడలూ ఒకేసారి ఆడేసరికి వాడి కళ్ళు మెరిశాయి. "ఆహా, నా కథ ఎంత రుచిగా ఉందో! నములుతూ మరీ వింటున్నారు!" అని మురిసిపోయి, నక్కల కోట కొలతలు ఎత్తుకున్నాడు. తూర్పుగోడ ఎన్ని మూరలు, పడమటిగోడ ఎన్ని మూరలు. గొర్రెలు కునుకు తీశాయి. మేకపిల్లలు కాలవకి పోయాయి. జనం లేస్తున్నకొద్దీ కంగారుపడి మరికొన్ని తరాలు కలిపాడు తప్ప ఆపలేదు. నీడ గట్టు తాకేసరికి మిగిలింది పదకొండుమంది. అందులో ఏడుగురు నిద్దర.

మర్నాడు అదే వేళకి సింహాద్రి ఇటుకల దిబ్బ ఎక్కాడు. రెక్కలు కొట్టలేదు, బిరుదులు చెప్పుకోలేదు. "ఆ పొద్దున గోదారి ఎర్రగా వచ్చింది," అన్నాడు. అంతే. కాలవలో ఉన్నవాళ్ళు కూడా తడికాళ్ళతో వచ్చి కూర్చున్నారు. గడ్డిమేటు కదిలింది. పెట్ట దిగలేదు. నీళ్ళు గూటిలోకి వచ్చాయి. సింహాద్రి ఊరుకున్నాడు.

బట్టీలో ఒక్క దవడ ఆడలేదు. మాణిక్యమ్మ చెవి మీద ఈగ వాలితే ఆవిడ తోలుకోలేదు. నీడ గట్టు తాకడమేంటి, దాటి నీళ్ళలోకి పోయినా ఎవరూ చూళ్ళేదు. చివరికి పోలయ్యే గొంతు సవరించుకుని చెప్పాల్సి వచ్చింది. లెక్క చూస్తే నలభై మందీ ఉన్నారు.

"అన్యాయమండీ!" అని అరిచాడు తాతారావు. "మీ గోడ మీద ఆ వరద పక్కన ఒక్క గీత కూడా లేదు! కిరీటానికేగా ముప్పై ఎనిమిది!"

అన్నాక నాలిక కరుచుకున్నాడు గానీ, అప్పటికే బట్టీ గొల్లుమని నవ్వింది.

"ఆ గీతలు కథ వినకుండా నమిలే నోళ్ళవి తాతారావూ," అన్నాడు పోలయ్య. "నెమరెయ్యని జాతివి, నీకు తెలిసే దారి లేదులే. ఒక్కసారి అడిగుంటే చెప్పేవాణ్ణి."

తాతారావు తల వంచుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడ ఆగి, వెనక్కి తిరిగాడు.

"సింహాద్రి గారూ, ఒక్కమాటండి. ఆ పెట్ట... గుడ్లు దక్కాయాండీ?"

సింహాద్రి మెడ సాచి, రొమ్ము విరుచుకుని నిలబడ్డాడు. వాణ్ణి అంత ఠీవిగా నేనెప్పుడూ చూళ్ళేదు.

"లంక వదిలిపోయేవాళ్ళకి కథ ఇంతవరకేనండి," అన్నాడు.

మాకు మాత్రం పొద్దు వాలేదాకా చెప్పాడు. పదకొండు పిల్లలూ చంద్రి రెక్కల కింద నుంచి తలలు బయటపెట్టి మరీ విన్నాయి.

అంకె పెద్దదని మురిసిపోయే ముందు, లెక్కపెట్టింది దేన్నో తెలుసుకోవాలి.