రాజావారి ఫిడేలూ, పాడే పెట్టే

గంగమర్రు రాజావారు పట్నం వెళ్ళి గ్రామఫోను పెట్టె కొనుక్కొచ్చారు. ఇంకేం, దివాను లక్ష్మీపతి పంతులికి పండగే పండగ! ఆయనకి ఆస్థాన మేళమంటే మొదట్నుంచీ కడుపుమంట.

“ఇన్ని ఫిడేళ్ళు, ఇన్ని క్లారినెట్లు, ఇన్ని మృదంగాలు! ఎందుకు ప్రభూ ఈ పటాలం? పెట్టె తిండి అడగదు, అలగదు, తాళం తప్పదు. దసరా వెళ్ళగానే అందర్నీ పంపించేద్దాం” అన్నాడు.

కొత్త మోజులో ఉన్నారేమో, రాజావారు సరే అనేశారు.

మేళం పెద్ద అప్పలస్వామి లబోదిబోమంటూ ఆస్థాన హాస్యగాడు కొండుభొట్లు దగ్గరికి పరుగెత్తాడు.

“ఈ వయసులో క్లారినెట్టు పట్టుకుని ఎవరి గుమ్మం ఎక్కమంటారు బాబూ? పిల్లాపాపలతో వీధిన పడతాం!”

కొండుభొట్లు అతని భుజం తట్టాడు. “ఊరుకోవయ్యా, చూద్దాం” అన్నాడు.

ఏటా విజయదశమినాడు రాజావారు స్వయంగా కొలువులో ఫిడేలు వాయించడం రివాజు. ఆయనకొచ్చిన కీర్తన ఒక్కటే. అయితేనేం, వెనక మేళం ఉండేది, సభంతా భళా భళా అనేది. ఈసారి ఆయన ఫిడేలు అందుకోగానే కొండుభొట్లు లేచాడు.

“ప్రభూ, ఆ కీర్తన ప్లేటు మన పెట్టెకీ ఉంది. ఎలాగూ మేళం పోతోంది కదా, ఇవాళ పెట్టెతోనే కానివ్వండి!”

“భేష్!” అని దివాను ఎగిరి గంతేసినంత పని చేశాడు.

ప్లేటు తిరిగింది. పల్లవి ముచ్చటగా ఉందని రాజావారు ఇంకోసారి వాయించారు. పెట్టె ముందుకెళ్ళిపోయింది. అనుపల్లవి గుర్తురాక కాస్త ఆగారు. పెట్టె ఆగితేనా! ఆయన చరణం ఎత్తుకునేసరికి అది కీచుమని పాట ముగించేసింది.

“దివాన్జీ!” రాజావారి కళ్ళెర్రబడ్డాయి. “తాళం తప్పింది నేనా, పెట్టా?”

దివాను చేతులు కట్టుకున్నాడు. “పె... పెట్టే ప్రభూ!”

“తప్పదన్నది మీరేగా?”

దివాను మెల్లగా రెండడుగులు వెనక్కి వేశాడు.

“ఇన్నేళ్ళు మేళంతో వాయించాను. ఒక్కసారైనా ఇలా కాలేదే! ఏమయ్యా కొండుభొట్లూ, ఏమిటి సంగతి?”

“పెట్టెకి నోరొక్కటే ప్రభూ! మేళానికి చెవులు కూడా ఉన్నాయి.”

రాజావారు మేళం వైపు తిరిగి చూశారు. అప్పలస్వామి తలొంచుకుని, నవ్వాపుకోలేక నానా అవస్థా పడుతున్నాడు.

“ఓరి దొంగల్లారా! ఇన్నాళ్ళూ నేనెటు పోతే అటు వచ్చి నా పరువు కాపాడింది మీరా!”

రాజావారు పగలబడి నవ్వారు. కొలువంతా ఘొల్లున నవ్వింది. ఒంటిమీది జరీ శాలువా తీసి ఆయనే కొండుభొట్లు భుజాన కప్పారు.

“ఒక్కడు కూడా ఎక్కడికీ పోవడానికి వీల్లేదు. రండర్రా, మళ్ళీ మొదట్నుంచి వాయిద్దాం!”