రాజుగారి గొడుగుకి చిరుగు

వాగుమూల రాజు రాయభూపాలుడికి తన గొప్ప తాను చెప్పుకోకపోతే తిన్నది అరగదు. ఒకనాడు కొలువులో మీసం దువ్వుకుంటూ పందెం విసిరాడు.

"మా కప్పు శాసనం వచ్చాక ఈ రాజ్యంలో ఎవడి నెత్తిమీదా చుక్క పడడం లేదు. తడిసినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, ఈ కంకణం ఇచ్చేస్తాను."

కప్పు శాసనం అంటే మరేం లేదు. ఏటా ఉగాదికి ఇంటికో గంపెడు పెంకులు రాజుగారి కొట్టుకి ఇచ్చుకోవాలి. గాలివానకి ఎవరి కప్పు లేచిపోయినా ఆ కొట్టులోంచి పెంకులు తీసి నేయించాలి. ఇచ్చుకోవడం బాగానే సాగుతోంది. పుచ్చుకోవడం దగ్గరే కప్పుల అధికారి పుండరీకయ్య అడ్డం కూర్చున్నాడు.

అంతలో నేతపనిచేసే చెంగమ్మ తడిచీరతో వచ్చి దండం పెట్టింది.

"ప్రభూ, మొన్నటి గాలికి మా ఇంటి పెంకులు ఎగిరిపోయాయి. మగ్గం గుంటలోకి నీళ్లొస్తున్నాయి. పడుగు నూలు నానిపోయిందంటే ఈ ఏడు మా ఇంట్లో పొయ్యి వెలగదు."

రాజు చెయ్యి కంకణం మీదికి పోయింది. పుండరీకయ్య చప్పున లేచాడు.

"దారిలో తడిసింది ప్రభూ. దారికి కప్పు ఉండదుగా."

రాజు హాయిగా నవ్వాడు. చెంగమ్మ నవ్వలేదు.

"మరి మా ఇల్లు ఎప్పుడు చూస్తారు బాబయ్యా?"

"వానలో చూడలేం. పైకెక్కితే జారి పడతాం. తెరిపిచ్చాక వస్తాం."

"తెరిపిచ్చాకే వచ్చారు కదా. కారడం లేదని వెళ్లిపోయారు."

"కారనిదాన్ని కారుతోందని ఎలా అనమంటావు?"

"పోనీ, తాటాకులైనా కప్పుకుంటాను."

"మేం చూడకముందు చెయ్యి పెట్టావో, నీ హక్కు పోయినట్టే."

రాజు ఇదంతా మహా న్యాయమన్నట్టు తలూపాడు. ఆయన వెనక నిలబడ్డ పోలయ్యకి ఒళ్లు మండిపోయింది. పోలయ్య రాజుకి గొడుగు పట్టేవాడు. నోరు విప్పడం అతని పని కాదు కాబట్టి ఊరుకున్నాడు. మొన్నటి గాలికి రాజుగారి పట్టుగొడుగూ చిరిగింది. దాన్ని కుట్టడానికి ఆ సాయంత్రం వచ్చిన దర్జీని మాత్రం పోలయ్య గుమ్మంలోంచే వెనక్కి పంపేశాడు.

మర్నాడు రాజు పుండరీకయ్యనీ పరివారాన్నీ వెంటబెట్టుకుని మామిడితోట చూడబోయాడు. దారి మధ్యలో వాన దంచికొట్టింది. పోలయ్య వినయంగా గొడుగు విప్పాడు. చిరుగులోంచి ధార సూటిగా రాజుగారి నడినెత్తిన పడింది. మీసానికి పూసిన నల్లరంగు గడ్డం మీదికి కారింది.

"ఏమిట్రా ఇది?"

"మొన్నటి గాలికి చిరిగింది ప్రభూ."

"కుట్టించలేదేం?"

"అధికారిగారు చూడకముందు చెయ్యి పెడితే తమ హక్కు పోతుంది ప్రభూ. గొడుగూ ఒక కప్పే కదా."

రాజు పళ్లు కొరుకుతూ పుండరీకయ్య వైపు తిరిగాడు. "ఏడువు, చూసి ఏడువు."

పుండరీకయ్య పరుగున వచ్చి గొడుగు కింద మెడ చాచాడు. "చూశాను ప్రభూ. గాలి దెబ్బే, సందేహం లేదు. ఇప్పుడే కొత్త పట్టు వేయిస్తాను."

పోలయ్య అమాయకంగా మొహం పెట్టాడు. "వానలో చూడలేమన్నారు కదండీ?"

"కింద నిలబడితే కారడం కనబడుతూనే ఉందిగా."

"అయితే పైకి ఎక్కక్కర్లేదన్నమాట."

"అక్కర్లేదు."

అన్నాక గాని ఆయనకి తానేమన్నాడో తెలియలేదు. నాలుక కరుచుకున్నాడు. పోలయ్య రాజు ముందు తల వంచాడు.

"ప్రభూ, చెంగమ్మ ఇల్లు కూడా ఇలాగే చూడొచ్చు. ఇక తమ పందెం సంగతి. తడిసినవాణ్ణి చూపించమన్నారు. దారికి కప్పు లేకపోతే పోనివ్వండి, తమ నెత్తిమీద గొడుగుంది, తమరు తడిశారు."

రాజు గడ్డం తుడుచుకుని నల్లబడిన అరచెయ్యి చూసుకున్నాడు. ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది. ఆయన నవ్వాడు గనక అందరూ నవ్వారు. కంకణం ఊడదీసి పోలయ్య చేతికి తొడిగాడు.

"పుండరీకయ్యా, పెంకులు తీసుకుని ఇప్పుడే వెళ్లు. ఆఖరి పెంకు ఎక్కేదాకా ఆ కప్పు కిందే నిలబడి చూస్తూ ఉండు."

కాసేపటికి చెంగమ్మ ఇంటిమీద కూలీలు వానలోనే పెంకులు పరుస్తున్నారు. లోపల పుండరీకయ్య మెల్లగా ఓ పొడి మూలకి జరిగాడు. చెంగమ్మ మగ్గం మీద గోనెపట్టా సర్దుతూ చూసింది.

"కాస్త ఇటు రండి బాబయ్యా. అక్కడ కారడం లేదు, మీకేం కనబడదు."