నీడ అడిగిన అవ్వ

అనగనగా ఒక మెట్ట ఊరు. ఆ ఊళ్ళో ఓబులమ్మ అని ఒక కొత్త కోడలు. మొగుడు సుంకన్న, అత్త నరసమ్మ, ఒక చూడావు, అంతే సంసారం. ఆ ఆవు ఈనితేనే ఇంట్లో పాలు, పాలు అమ్మితేనే పొయ్యి మీదికి జొన్నలు. అంతకుముందేడు రెండెద్దులుండేవి, పోయాయి. ఎలా పోయాయంటారా, అదే చెబుతున్నా. ఊ కొడుతున్నారా?

ఆ ఊరి గొడ్లు మేసే బీడులో ఒకప్పుడు కానుగ తోపు ఉండేదట. బొగ్గుల బట్టీ వాళ్ళొచ్చి అడిగితే ఊరంతా సరేనని మొదలంటా కొట్టించేసింది. ఆ వేసవి నుంచే మొదలైంది. మిట్టమధ్యాహ్నం మేసే గొడ్డు ఉన్నట్టుండి వణికేది. వణికి మోకాళ్ళ మీద కూలేది. కూలి నాలుక వేలాడేసేది. గాయం లేదు, నురగ లేదు, పాము కాటు లేదు. ఇవాళ మేక, ఎల్లుండి గొర్రె, ఆ తర్వాత దున్నపోతు. సుంకన్న ఎద్దులు రెండూ అలాగే పోయాయి.

ఒకరోజు సుంకన్నకు జ్వరమొస్తే ఓబులమ్మే ఆవును తోలుకెళ్ళింది. ఎండ నడినెత్తికొచ్చింది. గాలి ఆగింది. పిట్ట కూడా పలకడం లేదు. ఆవు వణకడం మొదలెట్టింది. ఈ పిల్ల వంగి చూసింది కదా, ఆవు పొట్ట కింద, ఆ కాస్త నీడలో, ఒక ముసలామె గొంతుక్కూర్చుని ఉంది. ఎండలోకి చాపిన ఆమె చేతికి నీడ లేదు.

చిట్టీ, కాళ్ళు దుప్పట్లోకి లాక్కో, చెబుతా.

ఓబులమ్మ ఒక అడుగు వెనక్కి వేసి ఆగింది. పారిపోతే ఆవు పోతుంది, కడుపులో దూడ పోతుంది. అందుకని నిలబడే అడిగింది.

"ఎవరవ్వా నువ్వు? నా ఆవు కింద నీకేం పని?"

"గొడ్లకు మందిచ్చే లింగమ్మను. నన్ను కానుగ కిందే పాతిపెట్టారు. ఆ చెట్టు కొట్టేశారు. ఎండ కాలుస్తోంది పిల్లా. ఎక్కడ నీడుంటే అక్కడ దూరుతున్నా. నేను కూర్చుంటే ఆ నీడ అరిగిపోతుంది. నీడ పోయిన గొడ్డు బతకదు."

"నేను చెట్టు నాటితే?"

"అది పెరిగేదాకా ఎక్కడ కూర్చోను?"

ఓబులమ్మ వణుకుతున్న ఆవును చూసింది. తర్వాత, "నా నీడలోకి రా అవ్వా" అంది.

వచ్చింది. పాదాల దగ్గర ముడుచుక్కూర్చుంది. నడి ఎండలో ఓబులమ్మకు అరికాళ్ళ నుంచి మోకాళ్ళ దాకా చల్లబడిపోయింది. ఆవు మాత్రం లేచి మేతకు పోయింది.

ఆ రోజు నుంచి ఓబులమ్మ కానుగ మొక్క నాటి, కడవతో నీళ్ళు మోసి, ఎండ దిగేదాకా అక్కడే నిలబడేది. కూర్చున్నంతసేపూ అవ్వ చెబుతూనే ఉండేది. గిట్టల పుండుకు వేపాకు కాచి కడగమని, దూడ పుట్టగానే జున్నుపాలు తాగనివ్వమని, కొట్టంలో తడి ఉంచొద్దని. ఓబులమ్మ విన్నదల్లా ఊళ్ళో చెప్పేది. గొడ్లు కోలుకున్నాయి. ఈ పిల్ల మాత్రం చిక్కిపోయింది.

ఒకనాడు వాకిట్లో జొన్నలు ఎండబోస్తుంటే నరసమ్మ చూసింది. తన నీడ నల్లగా ఉంది. కోడలి నీడ వెలిసిపోయిన గుడ్డలా ఉంది. గుచ్చిగుచ్చి అడిగితే అంతా బయటపడింది.

నరసమ్మ ఏడవలేదు, తిట్టలేదు. "రేపు నువ్వు పడుకో. నేను పోతా" అంది. అని ఊరుకోకుండా ఇల్లిల్లూ తిరిగింది. చెట్లు కొట్టేనాడు అందరం తలూపాం, ఇప్పుడు నా కోడలొక్కతే నీడ పోగొట్టుకోవాలా అని నిలదీసింది. మర్నాటి నుంచి అవ్వ నీడకు ఇంటికొక మధ్యాహ్నం, తోపుకు ఇంటికొక మొక్క. ఒక్కరోజు అరిగిన నీడ నెల తిరిగేసరికి మళ్ళీ నిండేది. ఓబులమ్మకూ నిండింది. ఆవు ఈనింది, పెయ్యదూడ.

నాలుగో వేసవిలో, ఓబులమ్మ వంతు రోజున, అవ్వ ఆమె పాదాల దగ్గర నుంచి లేచింది. మెల్లగా నడిచి, ఆమె నాటిన, అప్పటికి నీడ పట్టిన కానుగ కిందికి పోయి కూర్చుంది. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు.

ఇప్పుడక్కడ పెద్ద తోపు. ఎండవేళ గొడ్లన్నీ దాని కిందే పడుకుని నెమరేస్తాయి. మొదటి చెట్టు మొదట్లో మాత్రం, ఒక మనిషి కూర్చునేంత జాగా వదిలి పడుకుంటాయట. ఎవరూ తోలరు. అవే వదులుతాయి.

అంతే తల్లీ. అందరికీ పనికొచ్చే బరువు ఒక్కరి నెత్తిన పెట్టకూడదు, తలా ఒక పూట మొయ్యాలి. కథ కంచి దారి పట్టింది, మనం నిద్ర దారి పడదాం.